పురిటిగదిలో పీఠం: అఫ్జల్‌గంజ్ నేపథ్యంలో మంత్రసాని, పురుష వైద్యుడు

వ్యాససంగ్రహం

పురుషుడు ప్రసూతి వైద్యంలోకి ప్రవేశించడాన్ని కొందరు శాస్త్రవిజయంగా, మరికొందరు స్త్రీల రంగంపై దురాక్రమణగా వర్ణించారు. ఈ రెండు వాదాలూ లోపలికి వచ్చిన వ్యక్తి లింగాన్ని చూశాయి గాని, అతడు నిర్మించుకున్న స్థానాన్ని చూడలేదు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, మూసీకి ఆవలి ఒడ్డున వెలసిన జనానా ఆసుపత్రి చరిత్రనూ, మంత్రసాని చుట్టూ తెలుగులో ఉన్న పదాలనూ సామెతనూ ఆధారంగా చేసుకొని, ఒకే చేతిలో ఉన్న పని నిర్ణయంగా, సేవగా, పారిశుద్ధ్యంగా చీలిన క్రమాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: మంత్రసాని, దాయి, ప్రసూతి వైద్యం, జెండర్, కులం, మైల, అఫ్జల్‌గంజ్, జనానా ఆసుపత్రి, పారిభాషిక పదజాలం.

ఉపోద్ఘాతం

ప్రసూతి వైద్యంలో పురుషుడి ప్రవేశం గురించి సాధారణంగా రెండు కథనాలు వినిపిస్తాయి. మొదటిది ప్రగతి కథనం. అజ్ఞానంలో ఉన్న మంత్రసాని చేతుల్లో తల్లులూ బిడ్డలూ మరణిస్తూ ఉండగా, శాస్త్రం చదివిన వైద్యుడు వచ్చి కాపాడాడని అది చెబుతుంది. రెండోది అపహరణ కథనం. తరతరాలుగా స్త్రీలదైన విద్యను పురుషులు పరికరాల బలంతో, పట్టాల బలంతో లాక్కున్నారని దాని సారాంశం. 1973లో బార్బరా ఎరన్‌రైక్, డీర్‌డ్రె ఇంగ్లిష్ ప్రచురించిన చిన్న పుస్తకం ఈ రెండో వాదానికి ప్రపంచవ్యాప్తంగా ప్రచారం కల్పించింది. తెలుగులో స్త్రీవాద విమర్శ దీనివైపు మొగ్గితే, వైద్యచరిత్ర రచన మొదటిదానివైపు మొగ్గింది.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపించినా ఒకచోట ఏకీభవిస్తాయి. గుమ్మం దాటి లోపలికి వచ్చింది స్త్రీయా, పురుషుడా అన్నదే అసలు ప్రశ్న అని రెండూ నమ్ముతాయి. హైదరాబాదు చరిత్ర ఈ నమ్మకాన్ని బలపరచదు. ఇక్కడ పురుషుడు చాలాకాలం పురిటిగది బయటే ఉన్నాడు. బయట ఉండే లోపల ఏం జరగాలో నిర్ణయించే పీఠాన్ని సంపాదించాడు. తరువాత ఆ పీఠం మీదికి స్త్రీలు వచ్చారు. పీఠం స్వభావం మారలేదు. కాబట్టి ‘ప్రసూతి ఎవరి రంగం?’ అని అడగడం కంటే, ‘ప్రసూతిలో నిర్ణయం ఎవరిది? అనుమతి ఎవరిని అడుగుతున్నారు?’ అని అడగడం అవసరం.

పదం, సామెత

‘మంత్రసాని’ అనే పదంలోనే స్త్రీ ఉంది. ‘సాని’ స్వామినీ శబ్దానికి వికృతి. ‘దొరసాని’లో గౌరవాన్ని నిలుపుకొన్న ఈ పదం, విడిగా వాడినప్పుడు వేశ్యావాచకంగా దిగజారింది. ‘మంత్రసాని’ ఈ రెంటికీ నడుమ నిలిచింది. ఈ పదానికి పుంలింగరూపం లేదు. కట్టబోతే ‘మంత్రగాడు’ వస్తాడు. అతడి పని వేరు. ఇంగ్లీషులో ‘మిడ్‌వైఫ్’ అంటే ‘స్త్రీకి తోడుగా ఉండే వ్యక్తి’ అని అర్థం. తోడుగా ఉన్నది ఆడా మగా అన్నది ఆ పదం చెప్పదు. అయినా పురుషులు ఆ వృత్తిలోకి వచ్చినప్పుడు ఇంగ్లీషువారు ‘మ్యాన్ మిడ్‌వైఫ్’ అనే విచిత్ర సమాసాన్ని కల్పించుకోవలసివచ్చింది.

తెలుగు ఆ ప్రయాస పడలేదు. పాత పదాన్ని పాత మనిషికే వదిలేసి, కొత్తగా వచ్చినవారికి ‘డాక్టరు’, ‘ప్రసూతి వైద్యుడు’ అనే కొత్త పేర్లు ఇచ్చింది. ఆ చదువు స్త్రీలకు అందినప్పుడు వారు ‘డాక్టరమ్మ’లయ్యారే తప్ప మంత్రసానులు కాలేదు. అంటే ఈ రెండు పదాల మధ్య గీత ఆడ, మగ అనే గీత కాదు, అంతస్తుల గీత. లింగభేదాన్ని మాత్రమే వెదికే పరిశోధన ఈ గీతను దాటిపోతుంది.

తెలుగువారందరికీ తెలిసిన సామెత ఒకటుంది: మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డ వచ్చినా పట్టాలి, పియ్య వచ్చినా పట్టాలి. ఇష్టంలేని పని నెత్తినపడినప్పుడు దీన్ని నవ్వుతూనో విసుక్కుంటూనో వాడతారు. సామెతల సంకలనాల్లో దీనికిచ్చే వివరణ కూడా అంతవరకే. కాని ఇందులో ఒక వృత్తిధర్మం ఉంది. మంత్రసానికి పనిలో ఏరుకునే హక్కు లేదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేవరకు, ఆ తరువాత గది కడిగేవరకు, ఆమె అక్కడే ఉంటుంది. ధైర్యం చెప్పేది, కడుపు పట్టి చూసేది, బిడ్డను పట్టేది, బొడ్డు కోసేది, మలినం ఎత్తేది ఒకే మనిషి.

ఆధునిక ప్రసూతిగదిలో ఈ సామెత రెండు ముక్కలైంది. బిడ్డను పట్టే చెయ్యి వేరు, రెండోది ఎత్తే చెయ్యి వేరు. మొదటి చేతికి పట్టా ఉంది, పేరు ఉంది, జీతం ఉంది. రెండో చెయ్యి ‘ఆయమ్మ’ది. ఈ రెంటికీ మధ్య నర్సు ఉంది. పురుషుడి ప్రవేశం తెచ్చిన అసలు మార్పు ఈ చీలిక.

సంప్రదాయం ఏమి అడిగింది?

‘మన సంప్రదాయంలో పురిటిగదిలోకి మగవాడు అడుగుపెట్టలేదు’ అన్న మాట తరచు వినిపిస్తుంది. గ్రంథాలు ఈ మాటను పూర్తిగా సమర్థించవు. సుశ్రుతసంహిత శారీరస్థానం సామాన్య ప్రసవానికి పెద్దవయసు గల, నేర్పరులైన, గోళ్ళు కత్తిరించుకున్న నలుగురు స్త్రీలను నియమించింది. గోళ్ళ ప్రస్తావన గమనార్హం. చేతి శుభ్రత గురించిన ఆ జాగ్రత్త వృత్తి అనుభవం నుంచి వచ్చిందే. అదే సంహితలోని చికిత్సాస్థానం, బిడ్డ అడ్డం తిరిగిన మూఢగర్భాన్ని శస్త్రవైద్యుడికి అప్పగించింది. వ్యాసభారతం ఆశ్వమేధిక పర్వంలో ఉత్తర ప్రసవించిన సూతికాగృహంలోకి శ్రీకృష్ణుడు ప్రవేశించేసరికి అక్కడ వృద్ధస్త్రీలతో పాటు కుశలురైన భిషక్కులు కూడా ఉన్నారు. తెలుగునేల మీద, కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనం ఆరోగ్యశాలతో పాటు ప్రసూతిశాలకు కూడా గ్రామాదాయంలో భాగం కేటాయించింది. ప్రసవం పూర్తిగా ఇంటి చాటు వ్యవహారమన్న అభిప్రాయాన్ని ఈ శాసనమే సవరిస్తుంది.

కాబట్టి ఆపద వేళ పురుషుడి ప్రవేశం సంప్రదాయానికి తెలియనిది కాదు. తెలుసుకోవలసింది ఆ ప్రవేశానికి పెట్టిన షరతు. మూఢగర్భ చికిత్సకు పూనుకునే ముందు వైద్యుడు ‘అధిపతి’ అనుమతి తీసుకోవాలని సుశ్రుతం విధించింది. స్త్రీని ఊరడించాలని చెప్పింది గాని, ఆమెను అడగాలని చెప్పలేదు. ఒక పురుషుడి శరీరరక్షణ బాధ్యతలో ఉన్న స్త్రీ మీద మరొక పురుషుడు శస్త్రం ప్రయోగించడానికి మొదటివాడి సమ్మతి చాలునన్నది దీని తర్కం.

ఈ తర్కం గ్రంథాల్లోనే ఆగిపోలేదు. శస్త్రచికిత్సకు ముందు భర్త సంతకం కోసం వెదికే ఆసుపత్రి అలవాటు దీని కొనసాగింపే. చికిత్సకు వచ్చిన వయోజన స్త్రీ సమ్మతికి బదులు ఆమె తల్లి సమ్మతి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో సమీరా కోహ్లీ కేసులో స్పష్టం చేసింది. అప్పటికి సుశ్రుతం నాటి ‘అధిపతి’ రెండువేల ఏళ్ళ వయసువాడు. సంప్రదాయం పేరుతో పురుషుడి ప్రవేశాన్ని వ్యతిరేకించేవారు గాని, శాస్త్రం పేరుతో ఆహ్వానించేవారు గాని ఈ అధిపతిని ప్రశ్నించలేదు.

మంగలికత్తి, పట్టుకారు

ఐరోపాలో పురుషుడు పురిటిగదిలోకి వచ్చిన దారి సుప్రసిద్ధం. అక్కడ మొదట వచ్చింది క్షురకవృత్తితో కలిసివున్న శస్త్రవైద్యుడు. బిడ్డ అప్పటికే చనిపోయినప్పుడు కొక్కెంతో బయటికి తీయడానికి అతణ్ణి పిలిచేవారు. పదిహేడో శతాబ్దంలో ఛాంబర్లెన్ కుటుంబం ఫోర్సెప్స్ అనే పట్టుకారును తయారుచేసి, వందేళ్ళకు పైగా కుటుంబ రహస్యంగా దాచుకుంది. సజీవంగా బిడ్డను తీయగల పరికరం చేతికి వచ్చాక పురుషుడి రాక చావుకు సూచన కాకుండా పోయింది. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో విలియం స్మెల్లీ ప్రసూతి పాఠాలు చెప్పాడు. 1760లో ఎలిజబెత్ నిహెల్ అనే మంత్రసాని అతణ్ణీ, అతడి వర్గాన్నీ ఖండిస్తూ గ్రంథం రాసింది. సహజంగా జరిగే కాన్పును పరికరం కోసం ప్రమాదంగా మారుస్తున్నారన్నది ఆమె ఫిర్యాదు.

తెలుగు గ్రామాల్లో మంత్రసాని పని ఎక్కువచోట్ల మంగలి, చాకలి, మాదిగ కుటుంబాల స్త్రీలది. మంగలి ఇంట్లో మగవాడు కురుపులు కోసి కట్లు కట్టేవాడు. ఆడమనిషి కాన్పులు చేసేది. ఐరోపాలో క్షురకుడు శస్త్రవైద్యుడై పురిటిగదిలోకి నడిచి వెళ్ళాడు. ఇక్కడ అదే వృత్తికి చెందిన పురుషుడు వెళ్ళలేదు. కత్తి పట్టడం రానందువల్ల వెళ్ళకపోవడం కాదు. ఆ పని ఇంట్లోనే స్త్రీ చేతిలో ఉంది. కాన్పు మైలను తాకే బాధ్యతను సమాజం ఆ కులాల స్త్రీల మీదే ఉంచింది. అగ్రవర్ణ పురుషుణ్ణి పురిటిగదికి దూరంగా ఉంచినది స్త్రీ మానం పట్ల మర్యాద అని చెప్పుకోవడం పరిపాటి. మైల భయం అంతకంటే తక్కువ కారణమేమీ కాదు. కళాశాల పట్టా, క్రిమిసంహారక ద్రవం, చేతితొడుగు వచ్చి ఆ మైలను ‘కేసు’గా మార్చిన తరువాతనే అతడు లోపలికి రాగలిగాడు. ఇది కేవలం జెండర్ చరిత్ర కాదు, కులచరిత్ర కూడా. మంత్రసాని నుంచి వైద్యుడికి విద్య చేతులు మారినప్పుడు స్త్రీ నుంచి పురుషుడికి మారింది. దళిత బహుజన ఇంటి నుంచి పై కులాల ఇంటికీ మారింది. అపహరణ కథనం మొదటి మార్పును మాత్రమే చెబుతుంది.

ప్రగతి కథనాన్ని కూడా ఇక్కడే పరీక్షించాలి. వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో మొదటి విభాగం వైద్యవిద్యార్థులది, రెండో విభాగం మంత్రసానులది. 1846లో మొదటి విభాగంలో తల్లుల మరణాలు 11 శాతం దాటగా, రెండో విభాగంలో 3 శాతం లోపే ఉన్నాయి. శవపరీక్ష గది నుంచి కడగని చేతులతో వస్తున్న విద్యార్థులే దీనికి కారణమని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1847లో గుర్తించాడు. పట్టా చేతిని పరిశుభ్రం చేయదని, పని క్రమమే చేస్తుందని ఈ అంకెలు చెబుతాయి. ఆయన సూచనను వైద్యలోకం చాలాకాలం తిరస్కరించింది. మంత్రసాని మూఢత్వం గురించి మాట్లాడేవారు వైద్యుడి మూఢత్వం గురించి కూడా మాట్లాడవలసి ఉంటుంది. దీని అర్థం పల్లె మంత్రసానులందరూ నిర్దుష్టులని కాదు. శుభ్రత లేని బొడ్డుకోత వల్ల ధనుర్వాతంతో పసిబిడ్డలు చనిపోయిన మాట వాస్తవం. దానికి మందు శిక్షణ. మంత్రసానిని తొలగించడం కాదు.

మూసీకి రెండు ఒడ్లు

సెమ్మెల్‌వైస్ అంకెల సంవత్సరమైన 1846లోనే హైదరాబాదులో వైద్య పాఠశాల ఏర్పడింది. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో మొదలైన ఈ పాఠశాలలో మొదట బోధన ఉర్దూలో జరిగింది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన అఫ్జల్‌గంజ్‌లో 1866లో ఆసుపత్రి ఏర్పడింది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఆ ఆసుపత్రిని ధ్వంసం చేసింది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో విన్సెంట్ ఎష్ రూపకల్పనలో అక్కడ లేచినదే నేటి ఉస్మానియా ఆసుపత్రి.

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటితే ఆవలి ఒడ్డున విక్టోరియా జనానా ఆసుపత్రి. 1906లో వేల్స్ యువరాణి దీనికి శంకుస్థాపన చేశారు. ఒక ఒడ్డున అందరి ఆసుపత్రి, మరో ఒడ్డున స్త్రీల ఆసుపత్రి. పరదా పాటించే కుటుంబాలు పురుష వైద్యుణ్ణి ఒప్పుకోవు కాబట్టి స్త్రీలకు స్త్రీలే వైద్యం చేయాలన్నది ఆ కాలపు సూత్రం. 1885లో బ్రిటిష్ ఇండియాలో మొదలైన డఫరిన్ నిధి కూడా ఇదే సూత్రం మీద నడిచింది.

పైకి చూస్తే ఇది స్త్రీల రంగాన్ని కాపాడిన ఏర్పాటు. ఆచరణలో దీని పై అంతస్తు పురుషులదే. డఫరిన్ ఆసుపత్రుల్లో పనిచేసిన వైద్యురాళ్ళు సివిల్ సర్జన్ల కింద ఉండవలసివచ్చింది. ఈ అసంతృప్తి నుంచే 1907లో భారతదేశ వైద్యమహిళల సంఘం పుట్టింది. దాని ఒత్తిడితో 1914లో ప్రత్యేక మహిళా వైద్య సర్వీసు ఏర్పడింది. హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వైద్య పాఠశాలకు కూడా అధిపతి. క్లోరోఫాం సురక్షితత్వం మీద 1888లో, 1889లో నిజాం ప్రభుత్వ సహాయంతో ఆయన నడిపిన రెండు కమిషన్లు ఈ నగరం పేరును ప్రపంచ వైద్యచరిత్రలో నిలిపాయి. 1885లో ఆ పాఠశాలలో స్త్రీలకు ప్రవేశం కల్పించినది కూడా ఆయనే. వారిలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో, రెసిడెన్సీ ఆసుపత్రిలో, జనానా ఆసుపత్రిలో క్లోరోఫాం ఇచ్చే నిపుణురాలిగా పనిచేసి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యుల్లో ఒకరిగా నిలిచారు.

రూపాబాయి జీవితం నిస్సందేహంగా గర్వకారణం. అయితే ఆమె కథను చెప్పే పద్ధతిలో ఒక లోపం ఉంది. ‘పురుషుల రంగంలోకి స్త్రీ ప్రవేశించింది’ అని చెప్పి ముగిస్తారు. అదే కాలంలో, అదే నగరంలో, స్త్రీల రంగంలో ఉన్న దాయి ఏమైందన్న ప్రశ్న ఆ కథలో రాదు. చదువుకున్న స్త్రీ పైమెట్టు ఎక్కగలిగింది. చదువులేని స్త్రీ కిందిమెట్టు మీదే ఉండిపోయింది. మెట్లు మాత్రం లారీ వంటివారు కట్టినవే.

భాషలో పీఠం

ఈ మెట్లు తెలుగు భాషలో కూడా ఉన్నాయి. తొలిచూలు, మలిచూలు, నీళ్ళాడడం, ఉమ్మనీరు, మాయ, బొడ్డుతాడు, ఎదురుకాళ్ళ బిడ్డ, పచ్చి బాలింత: ఇవన్నీ పురిటిగదిలో, స్త్రీల నోట పుట్టి నిలిచిన మాటలు. దేని పని ఏమిటో, ఏది ప్రమాదమో చెప్పగల కచ్చితత్వం వీటికి ఉంది. తెలుగు పాఠ్యపుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాయ ‘జరాయువు’ అయింది, బొడ్డుతాడు ‘నాభిరజ్జువు’ అయింది, ఉమ్మనీరు ‘ఉల్బక ద్రవం’ అయింది. తన ఒంట్లోని వాటి పేర్లను కాన్పుకు వెళ్ళిన తెలుగు స్త్రీ పాఠ్యపుస్తకంలో గుర్తుపట్టలేదు. ఈ పని చేసినది బ్రిటిష్ సర్జన్లు కారు; తెలుగు పండితులే. శాస్త్రీయత అంటే సంస్కృత సమాసమన్న భ్రమతో, వాడుకలో ఉన్న పారిభాషిక పదాలను పల్లెమాటలుగా తోసివేశారు.

జానపద పరిశోధన కూడా ఈ అపరాధంలో భాగస్వామియే. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తొలి బాట వేసినప్పటి నుంచి లాలిపాటలూ పురిటిపాటలూ సమృద్ధిగా సేకరణకు వచ్చాయి. ఆ పాటలు పాడిన మంత్రసాని కడుపు పట్టి బిడ్డ తల ఎటుందో ఎలా చెప్పగలిగిందన్నది మాత్రం ఎక్కువగా ‘సాహిత్యం’ పరిధి బయట ఉండిపోయింది. ఆమె పాట గ్రంథాలయానికి చేరింది, విద్య చేరలేదు.

మరో దారి లేకపోలేదు. కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) ప్రసూతి వైద్యురాలిగా సంపాదించిన జ్ఞానాన్ని ‘ప్రసూతి - శిశుపోషణ’ గ్రంథంగా తెలుగు స్త్రీల చేతుల్లో పెట్టారు. కర్నూలులో పుట్టి మద్రాసులో ప్రసూతి వైద్యాచార్యుడిగా ప్రసిద్ధికెక్కిన ఎ. లక్ష్మణస్వామి మొదలియార్ గ్రంథం వైద్యవిద్యార్థుల కోసం ఇంగ్లీషులో వచ్చింది. రెండూ అవసరమే. కాని నిర్ణయశక్తిని ప్రసవించే స్త్రీకి పంచే పని మొదటిదే చేసింది. తెలుగు సాహిత్య చరిత్రలు అచ్చమాంబ గ్రంథాన్ని సాహిత్యేతరంగా వదిలేయడం పరిశీలించవలసిన విషయం.

పురుషుడు లేని పీఠం

ప్రసూతి ఎవరి చేతిలో ఉండాలన్నది లింగప్రశ్న మాత్రమే అయితే, నేటి తెలంగాణలో అది పరిష్కారమైపోయి ఉండాలి. ప్రసూతి నిపుణుల్లో ఇప్పుడు స్త్రీలే అధికం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మొత్తం కాన్పుల్లో శస్త్రచికిత్స ద్వారా జరిగినవి 60.7 శాతం. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశం మొత్తం మీద సగటు 21.5 శాతం మాత్రమే. కత్తి పట్టిన చెయ్యి స్త్రీదే అయినా, కోయాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఆసుపత్రి ఆర్థికం, వేళాపట్టిక, ముహూర్తం శాసిస్తున్నాయి. పురిటిగదిలోకి కాలు పెట్టకుండానే సిద్ధాంతి బిడ్డ పుట్టే గడియను నిర్ణయిస్తున్నాడు. బయట ఉండి లోపలిదాన్ని శాసించే పాత పీఠమే ఇది.

ఈ పరిస్థితిలో ‘ప్రసూతి వార్డులో మగ నర్సా?’ అన్న అభ్యంతరాన్ని పరిశీలించాలి. ఎం.బి.బి.ఎస్. చదివే యువకుడు ప్రసూతి విభాగంలో శిక్షణ పొందితీరాలి, ఎవరూ ఆక్షేపించరు. నర్సింగ్ చదివే యువకుడు అదే గుమ్మం దగ్గరికి వస్తే మర్యాద గుర్తుకొస్తుంది. ఏ.ఎన్.ఎం. శిక్షణలో ప్రవేశం స్త్రీలకే పరిమితం. కాన్పు సమయంలో తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్రప్రభుత్వం 2016లో సూచించింది. తోడు స్త్రీ అయి ఉండాలనీ, ఇతర స్త్రీల గోప్యతకు భంగం లేనిచోట భర్తను అనుమతించవచ్చనీ చెప్పింది. కిక్కిరిసిన ప్రభుత్వ ప్రసూతిగదుల్లో ఆ గోప్యత లేదు కాబట్టి భర్త బయటే ఉంటాడు. అంటే అధికారంతో వచ్చిన పురుషుడికి తలుపు తెరిచి ఉంది. సేవకో ప్రేమకో వచ్చిన పురుషుడికి మూసి ఉంది. దీన్ని స్త్రీ మర్యాద రక్షణ అనడం కష్టం. ఇది హోదాకు ఇచ్చిన మినహాయింపు.

బ్రిటన్‌లో పురుషులు మంత్రసాని వృత్తి చేపట్టడంపై ఉన్న ఆంక్షలు 1983లో తొలగిపోయాయి. అయినా ఆ వృత్తి పురుషమయం కాలేదు. నేటికీ అందులో పురుషులు అతిస్వల్పం. పట్టుకారుతో, ఆచార్యపదవితో వచ్చేందుకు ఉత్సాహపడిన పురుషులు, పడక పక్కన గంటల తరబడి కూర్చునే పనికి అంతగా రాలేదు. పురుషుడు ఆకర్షితుడైనది ప్రసూతి వైపా, ప్రసూతి మీద అధికారం వైపా అన్న ప్రశ్నకు ఇంతకంటే స్పష్టమైన జవాబు దొరకదు.

ఒక అభ్యంతరం మిగులుతుంది. పేద స్త్రీకి ఎంచుకునే అవకాశమే లేనిచోట పురుషుడి రాక ఆమెకు మరింత సంకోచం కలిగించదా? కలిగిస్తుంది. అందువల్లనే అనుమతి అడగవలసింది ఆమెను. స్త్రీ కావాలని ఆమె కోరితే స్త్రీ ఉండాలి. ఆ కోరిక నర్సు విషయంలోనే కాక, డాక్టరు విషయంలో, విద్యార్థుల గుంపు విషయంలో కూడా చెల్లాలి. నిషేధం ఈ పని చేయలేదు. ఆమె తరపున మరొకరు తీసుకున్న మరో నిర్ణయంగానే మిగులుతుంది.

ముగింపు

2017లో తెలంగాణ ప్రభుత్వం మంత్రసాని వృత్తికి ఆధునిక శిక్షణ ఇచ్చే ప్రయత్నం ప్రారంభించింది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ప్రకటించింది. చీలిపోయిన పనిని మళ్ళీ ఒక చేతికి తేగల అవకాశం వీటిలో ఉంది. కాని సామాన్య ప్రసవంలో నిర్ణయాధికారం ఇవ్వకుండా శిక్షణ మాత్రమే ఇస్తే, కొత్త మిడ్‌వైఫ్ పాత మెట్ల మీదే మరో మెట్టు అవుతుంది.

తెలుగు శాఖల బాధ్యత ఇక్కడ స్వల్పం కాదు. పెట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులకు వచ్చే స్త్రీలు మాట్లాడే ప్రసూతి భాషను ప్రాంతాలవారీగా నమోదు చేయాలి. పల్లెల్లో మిగిలివున్న వృద్ధ మంత్రసానుల నోటి నుంచి పాటతో పాటు పనిని కూడా రాసుకోవాలి. సమ్మతిపత్రాలు ప్రసవించే స్త్రీకి అర్థమయ్యే తెలుగులో, ఆమె వాడే పదాలతో ఉండాలి. ఉమ్మనీరు పోయిందని ఆమె చెబితే డాక్టరుకు అర్థమవుతున్నప్పుడు, డాక్టరు రాసినది ఆమెకు ఎందుకు అర్థం కాకూడదు? పురిటిగదిలోకి స్త్రీ వచ్చిందా, పురుషుడు వచ్చాడా అని లెక్కించడం కంటే ఈ ప్రశ్నకు జవాబు వెదకడం తెలుగు పరిశోధనకు తగిన పని.